కుర్చీ మార్చారు సరే, గాలి సంగతేంటి?

ఈసారి సంచిలో సగం ఉత్తరాలు వేడి గురించే. మిగతావి చలి, వెలుతురు, చప్పుడు. అందుకే కుర్చీ ఎత్తు ఎంతుండాలి, మౌస్ ఎలా పట్టుకోవాలి లాంటి ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను, రాసినవాళ్లు ఏమీ అనుకోకండి. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా తిరిగినవాడిని కాబట్టి నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతాను. అంతకుమించి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి ఉంటే వెళ్లాలి.

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర చిన్న గార్మెంట్ యూనిట్, నలభై మిషన్లు. ఆడవాళ్లు నడుం నొప్పి అంటుంటే పోయిన దసరాకి అందరికీ మంచి కుర్చీలు కొన్నాను. వీపుకి ఆనుడు, ఎత్తు సర్దుకునే స్క్రూ, మెత్తటి సీటు అన్నీ ఉన్నాయి. చలికాలం బాగానే నడిచింది. మార్చి నుంచి మధ్యాహ్నం రెండు దాటితే పీసులు తగ్గిపోతున్నాయి, ఆల్టరేషన్లు పెరిగాయి. వెనక్కి ఆనుకుని కూర్చునేవాళ్లే లేరు. డబ్బు దండగేనా సార్?

దండగ కాదు గానీ ముందు ఒకటి చెప్పండి, ఆ సీట్లూ ఆనుళ్లూ రెక్సినువేనా? మీరు రాయలేదు గానీ నేను పందెం కాస్తాను. మార్చి వచ్చాక రెక్సిను వీపుకి అంటుకుపోతుంది, జాకెట్టు తడిసి ముద్దవుతుంది, దాంతో మనిషి తనకి తెలియకుండానే ముందుకి జరిగి సీటు అంచు మీద కూర్చుంటుంది. అప్పుడు మీరు కొన్న ఆనుడు గోడకి తగిలించిన క్యాలెండరుతో సమానం. నడుం మళ్లీ గాల్లోనే. ఇలాంటిది నేను కనీసం నాలుగు చోట్ల చూశాను, అన్నిచోట్లా యజమాని అన్న మాట ఒకటే, "కంఫర్ట్ ఇచ్చినా కూర్చోరండీ వీళ్లు." కుర్చీ తప్పు కాదు, కూర్చునేవాళ్ల తప్పు అంతకన్నా కాదు. ఆ కుర్చీ తయారుచేసినవాడు చల్లటి గదిని మనసులో పెట్టుకుని చేశాడు. ముందు చవకగా అయ్యే పని, పాత నూలు దుప్పట్లతో కవర్లు కుట్టించండి, కుట్టేవాళ్లు మీ దగ్గరే ఉన్నారు. ఈసారి కొనేటప్పుడు వలలాంటి ఆనుడు ఉన్నవి, లేదా కేను అల్లికవి చూడండి.

అసలు సంగతి పైకప్పు. మీది రేకుల షెడ్డే అయ్యుంటుంది. గోడకి తగిలించిన థర్మామీటరు 36 చూపిస్తుంటే మీరు "బయటికన్నా నయమే కదా" అనుకుంటారు. ఆ థర్మామీటరు అబద్ధం చెప్పదు గానీ సగమే చెబుతుంది. కాలిన రేకు నుంచి తల మీదికి నేరుగా దిగే సెగ దానికి కనపడదు, గాల్లో తేమ ఎంతుందో తెలియదు. అందుకే ఈ పనికి డబ్ల్యూబీజీటీ అని ఇంకో కొలత ఉంది. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు వడదెబ్బకి పడిపోతుంటే కనిపెట్టారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఒకటి, నల్లటి బోలు గోళం లోపల పెట్టింది ఒకటి. నీడపట్టున అయితే తడిగుడ్డ అంకెకి 70 శాతం, గోళం అంకెకి 30 శాతం విలువ ఇచ్చి కలుపుతారు. తడిగుడ్డకి అంత విలువ ఎందుకంటే మనిషి ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా చెమట ఆరడం వల్లే, కారడం వల్ల కాదు. మీ కోస్తా ఉక్కపోతలో చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు.

దానికి తోడు షెడ్డు లోపల మీరే వేడి పుట్టిస్తున్నారు. కూర్చుని పనిచేసే మనిషి ఒంట్లోంచి తక్కువలో తక్కువ వంద వాట్ల వేడి బయటికి వస్తుంది, అంటే నలభై మంది కూర్చుంటే కిలోవాటు రూమ్ హీటర్లు నాలుగు వెలిగించినట్టే. మిషన్లకి పాత క్లచ్ మోటార్లు ఉంటే అవి కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటాయి, సరిగ్గా మోకాళ్ల దగ్గర. సర్వో మోటార్లు కుట్టేటప్పుడే తిరుగుతాయి, కరెంటు బిల్లులోనే ఆ తేడా తెలుస్తుంది. ట్యూబు లైట్ల సంగతీ అంతే. బెంగళూరు చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ట్యూబులు తీసేసి ఎల్ఈడీలు పెట్టినప్పుడు ఏం జరిగిందో కొందరు ఆర్థికవేత్తలు లైను లైనుగా లెక్క తీశారు. ఎండ ముదిరిన రోజుల్లో పని పెరిగింది. కరెంటు ఆదా ఒక్కటే చూసుకుంటే పెట్టుబడి తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో, పెరిగిన పని కూడా కలిపితే అందులో ఆరో వంతు కాలంలోనే వచ్చేస్తుందని తేలింది. లైట్లు మార్చింది వెలుతురు కోసం కూడా కాదు, కరెంటు కోసం. పని పెరగడం అడగకుండా వచ్చిన లాభం.

కాబట్టి మీరు చేయాల్సింది, ఎండలు ఇంకా ముదరకముందే రేకుల మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో కొట్టించండి (తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ఒక పాలసీయే తెచ్చింది, రంగు మాత్రం ఏ రాష్ట్రంలోనైనా ఒకేలా పనిచేస్తుంది). వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పైన బయటికి పోయే దారి, కింద లోపలికి వచ్చే దారి ఉండాలి. చాలా షెడ్లలో పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి కింద కిటికీలు మూసేస్తారు, దానికి గాలి ఎక్కడి నుంచి దొరుకుతుంది? ఇస్త్రీ బల్లలూ ఆవిరి బాయిలరూ అదే హాల్లో ఉంటే ఒక అడ్డుగోడ కట్టి వేరు చేయండి. ఫ్యాన్ల మీద పూర్తిగా ఆశ పెట్టుకోకండి. గాలి వేడి మన చర్మం కన్నా, అంటే ఇంచుమించు 35 డిగ్రీల కన్నా ఎక్కువైతే ఫ్యాను వేడి గాలినే ఒంటి మీదికి తోలుతుంది, చెమట ఆరినంత మేరకే లాభం. షిఫ్టు ఉదయం ఏడింటికి మొదలుపెట్టగలిగితే, కష్టమైన ఆపరేషన్లు, కాలరు, జిప్పు లాంటివి, పదకొండులోపు అయిపోయేలా లైను సర్దుకోండి. ఇంకొకటి, మనిషికి ఎంత చోటు ఇస్తున్నారు? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే మనిషికి 14.2 ఘనపు మీటర్ల గాలి ఉండాలని రాశారు, అదీ నేల నుంచి 4.2 మీటర్ల ఎత్తు వరకే లెక్క. కప్పు ఎత్తుగా ఉంది కదా అని మిషన్లు ఇరికిస్తే కుదరదు.

మన దేశం ఫ్యాక్టరీల లెక్కలు పట్టుకుని 2021లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే ఉత్పత్తి 2 శాతం వరకూ పడిపోతోందని తేలింది. చల్లబరిచే ఏర్పాట్లు ఉన్నచోట లోపలి పని పడిపోలేదు గానీ సెలవులు పెట్టడం మాత్రం తగ్గలేదు. మరి వాళ్లు రాత్రి పడుకునేది మీ షెడ్డులో కాదు కదా, ఇంట్లో, అదీ రేకుల ఇంట్లోనే.

ప్రశ్న: హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. మా ఫ్లోర్‌లో ఏసీ 20 మీద ఉంటుంది, నేను మే నెలలో కూడా శాలువా కప్పుకుని కూర్చుంటాను. ఆరు నెలలుగా మెడ, కుడి భుజం పట్టేస్తున్నాయి. ఫిజియోథెరపిస్టు పోశ్చర్ సరిగా లేదన్నారు. మగ కొలీగ్స్ మాత్రం ఇంకా తగ్గించమంటారు. నాదే తేడానా?

మీది తేడా కాదమ్మా. ఆఫీసుల్లో ఎంత చల్లదనం ఉండాలన్న సూత్రాలు 1960లలో, 70లలో తయారయ్యాయి, వాటిలో కూర్చున్న మనిషి ఒంట్లో ఎంత వేడి పుడుతుందన్న లెక్క సగటు మగవాడిది. అదే పని చేస్తున్న ఆడవాళ్లలో పుట్టే వేడి అంతకన్నా బాగా తక్కువని, ఆ పాత సూత్రం దాన్ని 35 శాతం వరకూ ఎక్కువగా వేసుకుంటోందని 2015లో ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు చూపించారు. దాని మీద అప్పట్లో పెద్ద గోలే జరిగింది. మన ఊళ్లో సంగతి చెప్పాలంటే, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మాధవి ఇంద్రగంటి చేసిన సర్వేలో జనం "హాయిగా ఉంది" అన్న ఉష్ణోగ్రత 29 డిగ్రీల పైచిలుకు. అది ఇల్లు, పల్చటి బట్టలు, ఫ్యాను గాలి, నిజమే. కానీ 29 ఎక్కడ, మీ 20 ఎక్కడ! 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే రూము ఏసీలు ఆన్ చేయగానే 24 మీద మొదలవ్వాలని రూలు పెట్టారు కూడా.

ఇక మెడ. చలి వేసినప్పుడు మనం ఏం చేస్తాం? భుజాలు చెవుల దాకా లాక్కుని, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుంటాం. మీరు రోజుకి ఎనిమిది గంటలు అలా కూర్చుంటున్నారు, శాలువా జారకుండా ఒక భుజం ఇంకాస్త పైకి పెట్టి మరీ. ఫిజియో చెప్పిన పోశ్చర్ తప్పు నిజమే, ఆ పోశ్చర్ని తయారుచేస్తోంది మాత్రం మీ నెత్తి మీది కాసెట్ ఏసీ. ఒక కాగితం ముక్క రిబ్బనులా చించి మీ కుర్చీ దగ్గర మెడ ఎత్తులో పట్టుకోండి, ఎగిరితే గాలి నేరుగా మీ మీదికే వస్తున్నట్టు. ఫెసిలిటీస్ వాళ్లకి ఉష్ణోగ్రత పెంచమని రాస్తే పదిమంది అడ్డు వస్తారు. మీ వైపు రెక్క తిప్పమనో డిఫ్లెక్టరు పెట్టమనో రాస్తే ఎవరూ అడ్డు రారు, నేను అనుభవంతో చెబుతున్నాను. శాలువా బదులు ఒంటికి పట్టి ఉండే స్వెట్టరు, మెడకి స్కార్ఫు వేసుకోండి, భుజం ఖాళీగా ఉంటుంది. ఉక్కపోసే మగ కొలీగ్స్‌కి బల్ల మీద చిన్న యూఎస్‌బీ ఫ్యాను కొనిపించండి, వాళ్లకీ హాయి, మీకు రెండు డిగ్రీలు కలిసొస్తుంది.

కిటికీ మీకు వెనక ఉందా? ఉంటే స్క్రీను మీద మెరుపు పడుతుంది, దాన్ని తప్పించుకోవడానికి తల ఒక పక్కకి వంచి చూస్తారు. కుడి భుజం ఒక్కటే పట్టేస్తోందంటే నాకు ఆ అనుమానం కూడా ఉంది. కిటికీ పక్కన ఉండాలి, ముందో వెనకో కాదు.

ప్రశ్న: మా నాన్న గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో హమాలీ. వయసు 52. ఎండాకాలం బయట లారీ దగ్గర చెమటలు, లోపల వణుకు, రోజుకి ఎన్నిసార్లు లోపలికీ బయటికీ తిరుగుతాడో లెక్క లేదు. నడుం పట్టేసి రెండుసార్లు పడిపోయాడు. నడుం బెల్టు కొనిస్తే సరిపోతుందా?

బెల్టు గురించి చివర్లో. ముందు బరువు లెక్క చూద్దాం. ఒకరే ఎత్తే బరువుకి ప్రపంచమంతా వాడే నియోష్ సూత్రం ఒకటి ఉంది, అమెరికా ప్రభుత్వ సంస్థది. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోల దగ్గర మొదలుపెట్టమంటుంది, ఆపైన వంగితే తగ్గించు, ఒళ్లు తిప్పితే తగ్గించు, ఎక్కువసార్లు ఎత్తితే తగ్గించు అని కోసుకుంటూ పోతుంది. మిర్చి టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైమాటే. అదలా ఉంచండి, ఆ పుస్తకంలో జనం చదవని ఒక వాక్యం ఉంది. ఈ లెక్క 19 నుంచి 26 డిగ్రీల మధ్య, తేమ 35 నుంచి 50 శాతం ఉన్న చోటికే వర్తిస్తుందని. గుంటూరులో మే నెల మధ్యాహ్నం అది వర్తించదు, పది డిగ్రీల లోపు ఉండే చాంబరులోనూ వర్తించదు. మీ నాన్నగారు ఒకే గంటలో ఆ రెండు చోట్లా బరువు మోస్తున్నారు.

తడిసిన బనీనుతో చలిలోకి వెళ్తే ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి. వేళ్ల చర్మం 15 డిగ్రీలకి దిగితే పట్టు సడలడం మొదలవుతుంది, సంచి జారుతోందని తెలిసేలోపే జారిపోతుంది, జారినదాన్ని పట్టుకోబోయి నడుం మెలిక పడుతుంది. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో ఐసు నీళ్లలో చేతులు పెట్టి పొట్టు ఒలిచే ఆడవాళ్లని అడగండి, మొదటి గంటలో ఉన్న వేగం మూడో గంటలో ఎందుకు ఉండదో చెబుతారు. పాత కోల్డ్ స్టోరేజీల్లో ఇరుకు మెట్లు, చెక్క అరలు, గుడ్డి దీపాలు, తడి నేల, వీటికి తోడు మిర్చి ఘాటు. దగ్గుతూ ఎవరైనా నడుం నిటారుగా పెట్టి బరువు ఎత్తగలరా?

అందరూ కలిసి మేస్త్రిని అడగాల్సింది, పనిని ముక్కలు చేయమని. ఒక గుంపు లారీ నుంచి తలుపు దాకా, ఇంకో గుంపు లోపల, గంటకోసారి మారాలి. లోపలికీ బయటికీ తిరగడం పదోవంతుకి తగ్గిపోతుంది. తలుపు దగ్గర పొడి బనీన్లు, పైన వేసుకోవడానికి కోటు, చేతులకి రబ్బరు చుక్కల గ్లౌజులు, పక్కన గోరువెచ్చటి నీళ్ల బకెట్టు పెట్టించాలి. భుజానికి ఎత్తేటప్పుడు ఇద్దరు ఎత్తాలి, వీలున్నంతవరకు ట్రాలీ వాడాలి. లోపలికి వెళ్లాక మొదటి నాలుగైదు టిక్కీలు నెమ్మదిగా. అమ్మోనియా (చల్లబరిచే మిషన్లలో వాడే విషవాయువు) వాసన వస్తే సంచి అక్కడే పడేసి బయటికి పరుగెత్తాలి, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

బెల్టు కొనకండి. బెల్టు నడుం కాపాడుతుందనడానికి సరైన ఆధారం లేదు, పైగా అది కట్టుకున్న ధైర్యంతో ఇంకో సంచి ఎత్తుతారు. ఆ డబ్బుతో బీపీ, గుండె పరీక్ష చేయించండి. మండుటెండలోంచి చలిలోకి వెళ్తే రక్తనాళాలు ఒక్కసారిగా బిగుస్తాయి, 52 ఏళ్ల మనిషి అన్నేసిసార్లు తిరుగుతున్నారంటే అది చూసుకోవాలి.

ప్రశ్న: ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను, వయసు 44. సాయంత్రం అయ్యేసరికి మెడ వంగిపోయి మళ్లీ లేవదు. కుర్చీ, స్టాండు ఎత్తు అన్నీ మార్చి చూశాను.

కళ్లు ఎటు పోతే మెడ అటు పోతుంది. మీకు కావాల్సింది ఇంకో కుర్చీ కాదు, వెలుతురు, బహుశా కళ్లద్దాలు కూడా. సన్నటి పనికి 750 నుంచి 1000 లక్సుల వెలుతురు ఉండాలంటారు, ఇంటి హాల్లో ట్యూబు లైటు కింద అందులో పావు వంతు ఉంటే గొప్ప. ఫోనులో లక్స్ మీటరు యాప్ ఉంటుంది, అంత కచ్చితం కాదు గానీ తేడా పట్టిస్తుంది. పైగా వయసు పెరిగేకొద్దీ కంట్లోకి చేరే వెలుతురు తగ్గిపోతుంది, అరవై ఏళ్లవాళ్లకి ఇరవై ఏళ్లవాళ్లకి అందేదాంట్లో మూడో వంతే అందుతుంది. మీ దగ్గర పనిచేసే కుర్రపిల్లకి సరిపోయిన లైటు మీకు చాలదు.

పెద్ద లైటు కొనక్కర్లేదు. చిన్న ఎల్ఈడీ దీపం మెడ వంచుకునే స్టాండుతో కొని దగ్గరికి తెచ్చుకోండి. దూరం సగానికి తగ్గితే వెలుతురు నాలుగింతలవుతుంది. కుడిచేతి వాటమైతే ఎడమ పక్క నుంచి రావాలి, లేకపోతే మీ చేతి నీడ మీ సూది మీదే పడుతుంది. ఎదురుగా పెడితే జరీ, కుందన్ మెరిసి కళ్లు చిట్లిస్తారు. పగలు కిటికీ పక్కకి మగ్గం జరపండి, ఎండ నేరుగా పడని వైపుకి.

44 అంటున్నారు, చత్వారం మొదలై ఉంటుంది, ఒప్పుకోండి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి మామూలు దగ్గరచూపు అద్దాలు ఇస్తే కోసే ఆకు 20 శాతానికి పైగా పెరిగిందని 2018లో లెక్క తేల్చారు. అద్దాల ఖరీదు ఒక బ్లౌజు పని అంత కూడా ఉండదు.

ప్రశ్న: బట్టల షోరూములో సేల్స్‌గర్ల్‌ని. పన్నెండు గంటలు నిలబడే ఉండాలి, కస్టమరు లేకపోయినా కూర్చోకూడదు. మార్బుల్ నేల, కాళ్లు నరాలు తేలుతున్నాయి. చెప్పుల్లో మెత్తటివి వేసుకుంటే చాలా?

చాలదు. మన దక్షిణాదిలోనే చూడండి, కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలు సవరించి కూర్చోవడానికి సీటు ఇచ్చి తీరాలన్నారు. కేరళలో ఆ మార్పు మీలాంటి బట్టల షాపుల ఆడపిల్లలు రోడ్డెక్కితేనే వచ్చింది. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. మీకూ సీటు దొరికేదాకా కౌంటరు వెనక ఒక రబ్బరు మ్యాటు, ఒక కాలు మార్చి మార్చి పెట్టుకోవడానికి చిన్న పీట, బిగుతు సాక్సులు. నరాలు తేలాయంటే మాత్రం డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: సిరిసిల్లలో మా అన్న పవర్‌లూమ్ నడుపుతాడు, ఇరవై ఏళ్లుగా. ఈ మధ్య టీవీ సౌండు బాగా పెంచుతున్నాడు, మా పాప మాట్లాడితే "ఏమంటున్నది?" అని అడుగుతాడు. చెవుల్లో దూది పెట్టుకుంటాడు. చెవిటితనం కాదంటాడు.

చెవిటితనం వచ్చేటప్పుడు ఎవరికీ తెలియదు. చప్పుడు వల్ల వచ్చేది ముందు సన్నటి శబ్దాలని తినేస్తుంది, అందుకే పిల్లల గొంతు, స, ష, త, క లాంటి అక్షరాలు మొదట జారిపోతాయి. "మాట వినపడుతుంది గానీ అర్థం కాదు" అంటారు. మీ అన్నది అదే దశలా ఉంది. వెంటనే ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవచ్చు.

నాడె అటూ ఇటూ కొట్టుకునే సాంచాల (పవర్‌లూమ్‌ల) మధ్య చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. నియోష్ లెక్కలో ఎనిమిది గంటలకి 85 వరకే, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి కోసేయాలి. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. మన దేశంలో ఎనిమిది గంటలకి 90 అని రాశారు, అది ఉదారంగా ఇచ్చిన హద్దు. మీటరు లేకపోతే ఇలా చూడండి, చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే హద్దు దాటినట్టే.

దూది దాదాపు పనిచేయదు. నురుగు ప్లగ్గులు కొనండి, సన్నగా నలిపి, చెవి పైకి లాగి పెట్టుకోవాలి, నలపకుండా దోపితే దూదితో సమానం. అయితే వేసవిలో చెమటకి దురద పెట్టి తీసేస్తారు, ఎనిమిది గంటల్లో ఒక్క గంట తీసినా లాభంలో చాలా భాగం పోతుంది. చూశారా, చప్పుడు సమస్యకి మళ్లీ వేడి అడ్డం వచ్చింది. అందుకే నేను ఎప్పుడూ ముందు మిషను సంగతి చూడమంటాను. సాంచా కింద మందపాటి రబ్బరు దిమ్మలు, అరిగిపోయిన బఫర్లూ వదులైన బోల్టులూ మార్చడం, రేకు గోడల మీద శబ్దం తిరిగి రాకుండా పాత గోనె పట్టాలో తడకలో కట్టడం (బీడీలూ నిప్పూ దూరంగా పెట్టాలి, దూదిపొట్టు ఉన్నచోటు కదా).

ప్రశ్న: మిర్యాలగూడ రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. మీ పేజీ చదువుతాను గానీ ఒప్పుకోను. మా తాత ఎండలో నాగలి దున్నాడు, ఆయనకి ఎర్గోనామిక్స్ తెలియదు, ఎనభై ఏళ్లు బతికాడు. వసతులు పెంచితే పని పెరుగుతుందా, బద్ధకం పెరుగుతుందా?

ఇలాంటి ఉత్తరం నెలకొకటి వస్తుంది, నాకు ఇష్టం కూడా. ఎర్గోనామిక్స్ అంటే పనిని మనిషి ఒంటికి తగ్గట్టు సర్దడమే. మీ తాతకి ఆ పేరు తెలియదు గానీ విద్య తెలుసు. కోడి కూయకముందే కాడి కట్టి, పొద్దు నెత్తి మీదికి రాకముందే విప్పేసి చింతచెట్టు కింద చేరేవాడు. తలకి రుమాలు, కడుపులో అంబలి, ఉప్పేసిన మజ్జిగ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మనిషి ఆ మధ్యాహ్నం దున్నేవాడా? మీ మిల్లు మాత్రం మధ్యాహ్నం రెండింటికి లారీ లోడింగు పెడుతుంది. ఆయన తన పనికి తానే యజమాని, ఒళ్లు చెప్పినట్టు ఆగేవాడు. హమాలీకి ఆ వీల్లేదు, బస్తా లెక్కన కూలీ.

మన గుంట మగ్గమే చూడండి. గుంట ఎందుకు తవ్వారు? నేల తేమకి నూలు పోగు తెగకుండా ఉంటుందని. కాళ్లు గుంటలోకి వేలాడేసి కూర్చునే వీలు కూడా దాంతోనే వచ్చింది. వాతావరణాన్నీ పనిముట్టునీ కలిపి ఆలోచించడమంటే అదే. కాకపోతే ఆ తేమ నూలు కోసం, నేతగాడి మోకాళ్ల కోసం కాదు, వానాకాలం గుంటలోకి నీళ్లొస్తే పని బంద్. స్పిన్నింగ్ మిల్లుల్లోనూ అంతే, లోపల పొగమంచులా చిమ్మే తేమ దారం కోసం, మనిషికి ఉక్కపోత.

ఇక పని పెరుగుతుందా అంటే, 33, 34 డిగ్రీల దగ్గర మధ్యరకం శ్రమ చేసే మనిషి పని సామర్థ్యం సగం పోతుందని ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 2019 నివేదికలో రాసింది. 2030 నాటికి మన దేశంలో పనిగంటల్లో 5.8 శాతం వేడికే పోతాయని కూడా అంచనా వేసింది. మీ హమాలీలది మధ్యరకం శ్రమ కాదు.

మీ అనుమానంలో ఒక నిజం మాత్రం ఉంది. 1924లో అమెరికాలో షికాగో పక్కన హాథార్న్ అనే టెలిఫోను పరికరాల ఫ్యాక్టరీలో లైట్లు పెంచితే పని పెరిగింది. తగ్గించి చూశారు, అప్పుడూ పెరిగింది! మమ్మల్ని ఎవరో గమనిస్తున్నారన్న ఉత్సాహమే పని పెంచిందని అప్పటి నుంచీ చెప్పుకుంటున్నారు, దాని మీద ఇప్పటికీ వాదనలే. అందుకే నేను ఏ యజమానికైనా ఒక వారం లెక్క చూసి నమ్మకండి, ఒక ఎండాకాలం మొత్తం చూడండి అంటాను. మీరూ ఒక పని చేయండి, లోడింగు టైము ఉదయం ఆరుకి మార్చి, నీడకి ఒక పందిరి వేసి, జూన్ దాకా బస్తాల లెక్కా సెలవుల లెక్కా రాసి నాకు పంపండి. తప్పని తేలితే ఇదే పేజీలో వేస్తాను.

ప్రశ్న: జగిత్యాల నుంచి. ఖతార్‌లో కన్‌స్ట్రక్షన్ పని. రెండు నెలల సెలవు మీద వచ్చాను, జూన్‌లో తిరిగి వెళ్లాలి. పోయినసారి ఇలాగే వెళ్లి మూడో రోజే సైటులో కళ్లు తిరిగి పడ్డాను. పదేళ్ల అనుభవం ఉన్నవాడిని, నాకెందుకు అలా అయింది?

అనుభవం చేతుల్లో ఉంది తమ్ముడూ, ఒళ్లు దాన్ని మర్చిపోయింది. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చెమట తొందరగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం, గుండె నెమ్మదించడం, ఇవన్నీ ఆ రోజుల్లో జరుగుతాయి. వారం పది రోజులు ఎండకి దూరంగా ఉంటే అది కరగడం మొదలవుతుంది, రెండు నెలలు ఇంట్లో ఫ్యాను కింద ఉంటే దాదాపు కొత్త మనిషివే. ఎండ పనుల్లో చనిపోయేవాళ్లలో చాలామంది మొదటి కొద్ది రోజుల్లోనే పోతారు, బలం లేక కాదు.

నియోష్ చెప్పే లెక్క ఇది. కొత్తవాడైతే మొదటి రోజు 20 శాతం పని, రోజుకి ఇంకో 20 పెంచుతూ ఐదో రోజుకి పూర్తి. నీలాంటి పాతవాడైతే మొదటి రోజు 50, రెండో రోజు 60, మూడో రోజు 80, నాలుగో రోజు 100. ఫోర్‌మన్‌కి ఈ నాలుగు అంకెలు చెప్పు, బతిమాలినట్టు కాకుండా సేఫ్టీ లెక్కగా చెప్పు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదు. పైన చెప్పిన డబ్ల్యూబీజీటీ 32.1 దాటితే ఏ టైములోనైనా ఆపాలి. సౌదీలో, ఎమిరేట్స్‌లో నిషేధం జూన్ 15 నుంచి, అదీ మధ్యాహ్నం పూట రెండు మూడు గంటల సేపే, అక్కడ పనిచేసే మీ వాళ్లకి చెప్పు.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు. ఒకేసారి లీటర్లు లీటర్లు తాగకు. మూత్రం ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని అర్థం. పక్కవాడు తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. నీడకి లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి గాలి విసరాలి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.

ఇంటి దగ్గర ఉన్న రోజుల్ని కూడా వాడుకో. మొదట అరగంట, తర్వాత గంట, గంటన్నర, ఉదయం తొమ్మిది పది ప్రాంతంలో చెమట బాగా పట్టేలా నడువు, పొలం పని ఉంటే అదింకా మంచిది, నీళ్లు దగ్గర పెట్టుకో. టికెట్ ఏ తేదీకో రాయలేదు. కనీసం పది రోజులు చేతిలో ఉంటే రేపటి నుంచే మొదలుపెట్టు.